తప్పు జరిగిన రోజు ఒకటి, చలాన్ కనిపించే రోజు మరొకటి: మధ్యలో నష్టపోతున్నది ఎవరు?

హైదరాబాద్‌లో ట్రాఫిక్ పోలీసు బండి ఆపి, రసీదు రాసి చేతిలో పెట్టే రోజులు చాలావరకు పోయాయి. ఇప్పుడు చౌరస్తాలో నిలబడ్డ కానిస్టేబుల్ కెమెరాతో నంబర్ ప్లేట్ ఫోటో కొడతాడు. లేదంటే స్తంభం మీదున్న కెమెరా ఆ పని చేస్తుంది. బండి మీదున్న మనిషి తన దారిన తాను వెళ్లిపోతాడు. తప్పు జరిగిందన్న సంగతి చాలాసార్లు అతనికి తెలియనే తెలియదు. ఆన్‌లైన్‌లో చలాన్ కనిపించినప్పుడే తెలుస్తుంది.

మరి ఆ చలాన్ ఎన్ని రోజులకు కనిపిస్తుంది? శాలిబండలో ఆటో నడిపే వాళ్లను అడిగినా, టోలీచౌకిలో డెలివరీ పని చేసే పిల్లలను అడిగినా ఒక్కటే జవాబు రాదు. ఒకరికి అదే రోజు సాయంత్రం మెసేజ్ వస్తుంది. ఇంకొకరికి వారం పడుతుంది. మరొకరికి మెసేజే రాదు. ఎప్పుడో బండి ఆపి తనిఖీ చేసినప్పుడు, "నీ బండి మీద ఎనిమిది పెండింగ్ ఉన్నాయి" అని పోలీసు చెబితే గానీ తెలియదు.

పైకి ఇది చిన్న విషయంలా కనిపిస్తుంది. చలాన్ ఇవాళ వస్తేనేం, పది రోజుల తర్వాత వస్తేనేం, కట్టేది ఎలాగూ కట్టాలి కదా అని చాలామంది అనుకుంటారు. కానీ రోజుకు ఇంత అని సంపాదించే ఇంట్లో ఈ పది రోజుల తేడాకు ఖరీదు ఉంది. తప్పును దిద్దుకునే అవకాశం, చలాన్ తప్పయితే కాదని చెప్పే అవకాశం, బండి అమ్మేటప్పుడు లెక్క సరిచూసుకునే అవకాశం ఈ ఆలస్యంలోనే పోతున్నాయి.

ఫోటో నుంచి రికార్డు దాకా

ముందు ఈ వ్యవస్థ ఎలా నడుస్తుందో చూద్దాం. ట్రాఫిక్ పోలీసు తన చేతిలోని పరికరంలో అక్కడికక్కడే బండి నంబర్ కొట్టి చలాన్ వేస్తే, రికార్డు దాదాపు వెంటనే తయారవుతుంది. ఇంటర్నెట్ సరిగా లేకపోతే కొన్ని గంటలు ఆలస్యం కావచ్చు.

ఫోటో తీసి పంపే పద్ధతి వేరు. తీసిన ఫోటోలు ముందు కంప్యూటర్‌లోకి ఎక్కాలి. అక్కడ ఒక మనిషి ప్రతి ఫోటో చూడాలి. నంబర్ సరిగా కనిపిస్తోందా, హెల్మెట్ నిజంగా లేదా, బండి గీత దాటిందా అని తేల్చాలి. నంబర్‌ను రవాణా శాఖ రికార్డుతో సరిపోల్చి యజమాని పేరు, అడ్రసు, ఫోన్ నంబర్ తీసుకోవాలి. ఆ తర్వాతే చలాన్ తయారవుతుంది. చౌరస్తా కెమెరాలదీ ఇదే దారి. నంబర్ ప్లేట్‌ను యంత్రమే చదివినా, చివర్లో సరిచూడాల్సిన పని మిగులుతుంది.

అంటే ఆలస్యం ఒక్కటి కాదు, మూడు ఉన్నాయి. మొదటిది చలాన్ తయారీలో. రెండోది తయారైన చలాన్ సంగతి యజమానికి చేరడంలో. మూడోది చేరినా ఇంట్లో పట్టించుకోవడంలో. జనం మాటల్లో ఈ మూడూ కలిసి "చలాన్ లేటుగా వచ్చింది" అనే ఒక్క మాటగా మారిపోతున్నాయి. మొదటిది పోలీసుల చేతిలో ఉంది. మూడోది మన చేతిలో ఉంది. రెండోది సగం వాళ్లది, సగం మనది. ఎవరి వాటా ఎంతో విడదీస్తే తప్ప పరిష్కారం దొరకదు.

చట్టంలో ఉన్న 15 రోజుల మాట

2019లో మోటారు వాహనాల చట్టానికి చేసిన సవరణతో 136ఏ సెక్షన్ వచ్చింది. రోడ్ల మీద ఎలక్ట్రానిక్ నిఘాకు అదే పునాది. దాన్ని అమలు చేయడానికి కేంద్ర రోడ్డు రవాణా శాఖ 2021 ఆగస్టులో కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో 167ఏ అనే కొత్త నిబంధనను చేర్చింది. స్పీడ్ కెమెరా, సీసీ కెమెరా, స్పీడ్ గన్, పోలీసు ఒంటి మీద పెట్టుకునే కెమెరా, నంబర్ ప్లేట్ చదివే కెమెరా వంటివన్నీ దాని కిందికి వస్తాయి. 10 లక్షలకు మించి జనాభా ఉన్న నగరాలతో పాటు, నోటిఫికేషన్‌లో పేర్కొన్న 132 నగరాల్లోని ముఖ్యమైన కూడళ్లలో వీటిని పెట్టాలని అందులో ఉంది. హైదరాబాద్, విజయవాడ, గుంటూరు, కర్నూలు ఆ జాబితాలోవే.

ఆ నిబంధనలో సామాన్యుడికి పనికొచ్చే మాటలు కొన్ని ఉన్నాయి. తప్పు జరిగిన 15 రోజుల్లోగా నోటీసు పంపాలి. నోటీసులో తప్పును, నంబర్ ప్లేటును స్పష్టంగా చూపే ఫోటో ఉండాలి. తేదీ, సమయం, స్థలం ఉండాలి. చట్టంలోని ఏ సెక్షన్ ఉల్లంఘించారో రాయాలి. చలాన్ తేలేదాకా ఆ ఎలక్ట్రానిక్ రికార్డును భద్రపరచాలి. కెమెరా నిఘా ఉన్నచోట ఆ సంగతి చెప్పే బోర్డు కూడా పెట్టాలి.

ఇక్కడ గమనించాల్సింది ఒకటుంది. 15 రోజులు అనేది నోటీసు పంపడానికి పెట్టిన గడువు. 15 రోజులు దాటితే చలాన్ దానంతట అదే రద్దయిపోతుందని ఆ నిబంధనలో రాసి లేదు. వాట్సాప్‌లో తిరిగే "15 రోజులు దాటితే కట్టక్కర్లేదు" అనే మెసేజ్‌లను నమ్ముకుంటే నష్టపోయేది బండి యజమానే. అయితే అభ్యంతరం చెప్పేటప్పుడు ఆలస్యాన్ని ఒక కారణంగా చూపించవచ్చు. అందుకోసం తప్పు జరిగిన తేదీ, నోటీసు అందిన తేదీ రెండూ చేతిలో ఉండాలి.

ఇలాగే ఇంకో గడువు గురించి కూడా మాటలు నడుస్తుంటాయి. జరిమానా మాత్రమే శిక్షగా ఉన్న నేరాన్ని 6 నెలలు దాటాక కోర్టు విచారణకు తీసుకోరాదని పాత సీఆర్‌పీసీ 468వ సెక్షన్ చెప్పేది. 2024 జూలై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహితలో అది 514వ సెక్షన్. అది కోర్టుకు పెట్టిన పరిమితి. పోలీసు వెబ్‌సైట్‌లో ఉన్న రికార్డు 6 నెలలకు దానంతట అది చెరిగిపోదు. ఏళ్ల కిందటి చలాన్లు ఇప్పటికీ పెండింగ్‌లో కనిపించడం చాలా ఇళ్లకు అనుభవమే.

మెసేజ్ ఎవరి ఫోన్‌కు వెళ్తోంది?

"మాకు మెసేజే రాలేదు భాయ్" అనే మాట పాతబస్తీలో ఎక్కడ చూసినా వినిపిస్తుంది. చాలాసార్లు అది నిజమే. అలాగని పోలీసులు పంపలేదనీ కాదు. రవాణా శాఖ రికార్డులో ఏ నంబర్ ఉందో ఆ నంబర్‌కు మెసేజ్ వెళ్తుంది.

బండి కొన్న రోజు షోరూమ్‌లో ఫారాలు నింపింది ఎవరు? సేల్స్‌మన్. ఫోన్ నంబర్ దగ్గర ఎవరి నంబర్ రాశాడు? ఇంట్లో ఎవరికీ గుర్తుండదు. అప్పటి సిమ్ ఎప్పుడో మారిపోయి ఉంటుంది. సెకండ్ హ్యాండ్ బండి అయితే, పేరు మారనంత కాలం మెసేజ్ పాత యజమానికే పోతుంది. బండి కొన్న మనిషి గల్ఫ్ వెళ్లిపోతే, ఇక్కడి సిమ్ రీచార్జ్ లేక ఆగిపోయి ఉంటుంది. తమ్ముడు బండి తిప్పుతుంటాడు, చలాన్లు పేరుకుంటుంటాయి, దమ్మామ్‌లో ఉన్న అన్నకు ఆ సంగతే తెలియదు.

ఇంకో చిక్కు కూడా ఉంది. దేశమంతటికీ ఈ-చలాన్ కోసం పరివాహన్ పోర్టల్ ఉంది. తెలంగాణ పోలీసులకు తమ సొంత ఈ-చలాన్ వెబ్‌సైట్ ఉంది. తెలంగాణ రవాణా శాఖ కూడా చాలా ఏళ్లు కేంద్రం నడిపే వాహన్ వ్యవస్థలో చేరకుండా సొంత సాఫ్ట్‌వేర్‌తోనే నడిచింది. అందువల్ల ఒక చోట చూసి "ఏమీ లేదు" అని నిశ్చింతగా ఉండటం కుదరదు. హైదరాబాద్ బండి మీద ఉర్సుకు గుల్బర్గా వెళ్లి వస్తే, దారిలో పడిన చలాన్ తెలంగాణ సైట్‌లో కనిపించకపోవచ్చు. రాష్ట్రం దాటి వెళ్లొచ్చిన వాళ్లు రెండు చోట్లా చూసుకోవాలి.

ఆలస్యం ఖరీదు ఎంత?

ఒక లెక్క వేసి చూద్దాం. డెలివరీ పని చేసే ఒక కుర్రాడు రోజూ ఒక యూటర్న్ దగ్గర అర కిలోమీటరు తిరగడం ఎందుకని రాంగ్ రూట్‌లో దూరుతున్నాడనుకుందాం. అక్కడ కెమెరా ఉందని అతనికి తెలియదు. మొదటి చలాన్ పదో రోజు కనిపించింది. జరిమానా 1000 రూపాయలు, దాని మీద యూజర్ చార్జీ 35 రూపాయలు. రోజుకు ఒక్కటే పడినా పది రోజులకు 10,350 రూపాయలు. అదే మొదటి చలాన్ మర్నాడే కనిపించి ఉంటే రెండో రోజుకో, మూడో రోజుకో ఆ దారి మానేసేవాడు. 2,000 రూపాయలతోనో 3,000 రూపాయలతోనో పోయేది. మిగతాది ఆలస్యానికి కట్టిన ధర.

రాంగ్ రూట్‌లో వెళ్లడం తప్పే, ప్రమాదమే. ఎదురుగా వచ్చేవాడి ప్రాణానికి కూడా ముప్పే. ఆ విషయంలో రెండో మాట లేదు. కానీ జరిమానా అసలు ఉద్దేశం మనిషి మళ్లీ ఆ తప్పు చేయకుండా ఆపడం. తప్పు జరిగాక రెండు వారాలకు తెలిస్తే అది ఎవరినీ ఆపదు. ఆ రెండు వారాల్లో అదే మూల దగ్గర ప్రమాదం జరిగే అవకాశం మాత్రం అలాగే ఉంటుంది. చలాన్ త్వరగా కనిపించడం బండి నడిపేవాడికి మేలు, రోడ్డు మీద నడిచేవాళ్లకు అంతకంటే మేలు.

చిన్న జరిమానాల దగ్గర ఇంకో లెక్క. 100 రూపాయల జరిమానాకు 35 రూపాయల యూజర్ చార్జీ కలిపితే 135. అంటే అసలు మీద 35 శాతం అదనం. ఇలాంటివి పది పేరుకుంటే యూజర్ చార్జీలే 350 రూపాయలు. రోజు గడవడానికి ఆటో తిప్పే ఇంట్లో 350 రూపాయలంటే ఒక పూట కిరాణా సామాను.

అమ్మేసిన బండి మళ్లీ ఇంటికొస్తుంది

ఆలస్యం వల్ల ఎక్కువ గొడవలు వచ్చేది సెకండ్ హ్యాండ్ బండ్ల దగ్గర. ఆటో కన్సల్టెన్సీలో బండి అమ్మిన రోజు ఆన్‌లైన్‌లో చూస్తే ఒక్క చలాన్ కూడా ఉండదు. డబ్బులు చేతులు మారతాయి. రెండు వారాల తర్వాత, అమ్మకానికి ముందు రోజుల చలాన్లు నాలుగు బయటపడతాయి. కొన్నవాడు ఫోన్ చేసి "ఇవి మీ టైమువి భాయ్‌సాబ్" అంటాడు. కొన్నిసార్లు కథ అటు తిరుగుతుంది. బండి అమ్మి ఏడాదైనా పేరు మార్చుకోక, కొన్నవాడు చేసిన తప్పులకు మెసేజ్‌లు అమ్మినవాడికి వస్తుంటాయి.

మోటారు వాహనాల చట్టం 50వ సెక్షన్ ప్రకారం ఒకే రాష్ట్రంలో బండి అమ్మితే, అమ్మినవాడు 14 రోజుల్లో, కొన్నవాడు 30 రోజుల్లో రవాణా అధికారికి తెలియజేయాలి. చాలామంది సంతకం పెట్టిన ఫారాలు కన్సల్టెన్సీ చేతిలో పెట్టి మర్చిపోతారు. దీని ఫలితం చలాన్లతోనే ఆగదు. 2018లో నవీన్ కుమార్ వర్సెస్ విజయ్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు స్పష్టంగా చెప్పింది. బండి ఎవరి పేరున రిజిస్టర్ అయి ఉందో, పరిహారం విషయంలో చట్టం దృష్టిలో వారే యజమాని. చేతులు మారి మారి నాలుగో మనిషి దగ్గరున్న బండి ప్రమాదం చేసినా, రికార్డులో మొదటి పేరే ఉంటే బాధ్యత ఆ మొదటి మనిషి మీదికే వస్తుంది. చలాన్ గొడవ వేలల్లో తేలుతుంది. ఇది లక్షల్లోకి పోతుంది.

అందుకే బండి అమ్మేటప్పుడు తీసుకునే డెలివరీ లెటర్‌లో తేదీతో పాటు సమయం కూడా రాయించుకోవాలి. చలాన్ మీద సమయం ఉంటుంది. ఉదయం జరిగిన తప్పు ఎవరిది, సాయంత్రం జరిగింది ఎవరిది అనే వాదన ఆ ఒక్క గీతతో తేలిపోతుంది. కొనేవాళ్లు మాట్లాడుకున్న ధరలో ఒకటి రెండు వేలు పక్కన పెట్టి, నెల తర్వాత చలాన్లు మళ్లీ చూసి ఇస్తామని కాగితం మీద రాసుకోవడం మంచిది. పెద్ద వ్యాపారాల్లో బిల్లు చివరి భాగాన్ని ఇలాగే ఆపి ఉంచుతారు. బండి బేరానికి అది పనికిరాకపోవడానికి కారణం ఏమీ లేదు.

బండి అమ్మీ పేరున, నడిపేది కొడుకు

మన ఇళ్లలో బండి ఒకరి పేరున ఉంటుంది, నడిపేది ఇంకొకరు. ఫైనాన్స్ కోసం అబ్బా పేరున తీసుకుంటారు. ఒక్కోసారి అమ్మీ పేరున ఉంటుంది. కాలేజీకి వెళ్లే కొడుకు, మేనల్లుడు, పక్కింటి పిల్లాడు అందరూ తీసుకెళ్తారు. నెల తర్వాత చలాన్ చూసి "ఆ రోజు బండి ఎవరు తీసుకెళ్లారు?" అంటే ఇంట్లో ఎవరికీ గుర్తుండదు. చాలా ఫోటోల్లో కనిపించేది వీపు, హెల్మెట్ లేని తల, నంబర్ ప్లేటు మాత్రమే. అయితే బండి ఎవరు నడిపారో పోలీసులు అడిగితే చెప్పాల్సిన బాధ్యత 133వ సెక్షన్ ప్రకారం యజమాని మీద ఉంది.

నడిపింది 18 ఏళ్లు నిండని పిల్లాడైతే సంగతి ఇంకా బరువెక్కుతుంది. 2019 సవరణతో వచ్చిన 199ఏ సెక్షన్ కింద తల్లిదండ్రులకు గానీ, సంరక్షకులకు గానీ, యజమానికి గానీ 3 ఏళ్ల వరకు జైలు, 25,000 రూపాయల జరిమానా పడవచ్చు. బండి రిజిస్ట్రేషన్‌ను 12 నెలలు రద్దు చేయవచ్చు. రంజాన్ రాత్రుల్లో చార్మినార్ వైపు ముగ్గురేసి ఎక్కి వెళ్లే పిల్లల్లో లైసెన్స్ ఉన్నవాళ్లు ఎంతమందో ఇంటి పెద్దలకే తెలియాలి. చలాన్ ఎప్పుడు కనిపిస్తుందో తెలియని చోట, అది చూశాక పిల్లలను మందలిద్దామని ఆగడం ఆలస్యమే అవుతుంది. తాళంచెవి ఇచ్చే ముందే మాట్లాడాలి.

డిస్కౌంట్ నేర్పిన అలవాటు

పెండింగ్ చలాన్లు కొండలా పేరుకున్నాక ప్రభుత్వం రాయితీ ఇవ్వడం తెలంగాణలో రెండుసార్లు పెద్దఎత్తున జరిగింది. 2022 మార్చి 1న మొదలుపెట్టి ఏప్రిల్ 15 దాకా పొడిగించిన రాయితీలో బైకులు, ఆటోలు 25 శాతం కడితే సరిపోయింది. 2023 డిసెంబర్ 26న మొదలై 2024 ఫిబ్రవరి 15 దాకా సాగిన రెండో రాయితీలో బైకులు, ఆటోలకు 80 శాతం, కార్లకు 60 శాతం తగ్గించారు. అంటే బైకు మీద 1000 రూపాయల జరిమానా 200 రూపాయలకే తేలిపోయింది.

పేదవాడికి అది ఊరటే. అందులో అనుమానం లేదు. కానీ దాని వెనక ఒక పాఠం కూడా మిగిలింది. చలాన్ వచ్చిన వారంలో పూర్తిగా కట్టినవాడు నష్టపోయాడు. కట్టకుండా కూర్చున్నవాడు లాభపడ్డాడు. దాంతో "మళ్లీ ఆఫర్ వస్తుంది, ఆగు" అనే మాట అలవాటైపోయింది. చలాన్ ఎప్పుడు వచ్చిందో చూడాల్సిన అవసరమే లేదన్నట్టు జనం వదిలేశారు. రికార్డు ఆలస్యం ఒకవైపు, ఆఫర్ మీద ఆశ ఇంకోవైపు. ఈ రెండూ కలిసినప్పుడు తప్పుడు చలాన్ల మీద అభ్యంతరం చెప్పే వాళ్లు కూడా మౌనంగా ఉండిపోతారు. ఎవరిదో కారు నంబర్‌ను తప్పుగా చదివి మన బైకు మీద వేసిన చలాన్‌ను కూడా, ఎలాగూ 20 శాతమే కదా అని కట్టేసే పరిస్థితి వస్తుంది.

గల్ఫ్‌లో ఈ లెక్క ఎలా ఉంది?

మన కుటుంబాల్లో చాలామందికి రెండో వ్యవస్థ కూడా తెలుసు. సౌదీ అరేబియాలో 2010 నుంచి సాహెర్ కెమెరాలు ఉన్నాయి. ఇఖామా, ఫోన్ నంబర్, బండి, జరిమానా అన్నీ అబ్షెర్ ఖాతాలో ఒకచోట కనిపిస్తాయి. జరిమానా మీద అభ్యంతరం ఉంటే, మెసేజ్ అందినప్పటి నుంచి 30 రోజుల్లో చెప్పుకోవచ్చు. గడువు మొదలయ్యేది తప్పు జరిగిన రోజు నుంచి కాదు, మనిషికి తెలిసిన రోజు నుంచి. తేడా అంతా ఈ ఒక్క మాటలోనే ఉంది.

రాయితీల సంగతి కూడా చూద్దాం. 2024 ఏప్రిల్ 18కి ముందు పేరుకున్న జరిమానాల మీద సౌదీ 50 శాతం తగ్గించింది. అదే సమయంలో ఆ తర్వాతి జరిమానాలకు 25 శాతం తగ్గింపు ప్రకటించింది. అబూధాబీలో 60 రోజుల్లోపు కడితే 35 శాతం, ఏడాదిలోపు కడితే 25 శాతం తగ్గుతుంది. అక్కడ త్వరగా కట్టినవాడికి ఎక్కువ లాభం. ఇక్కడ ఆలస్యం చేసినవాడికి లాభం.

గల్ఫ్‌లో అంతా బాగుందని దీని అర్థం కాదు. అక్కడ జరిమానాలు చాలా భారీ. సౌదీలో ట్రాఫిక్ జరిమానాలు బాకీ ఉంటే ఎగ్జిట్ రీఎంట్రీ వీసా ఆగిపోతుంది. ఇంట్లో పెళ్లికో, మయ్యత్‌కో రావాల్సిన మనిషి ఆఖరి నిమిషంలో అబ్షెర్ చూసుకుని జరిమానా డబ్బు కోసం స్నేహితులను అడగాల్సి వస్తుంది. అక్కడ పనిచేసే డ్రైవర్లు టికెట్ కొనే ముందే జరిమానాలు చూసుకోవడం అలవాటు చేసుకున్నారు. అదే అలవాటు ఇక్కడి ఇంట్లో లేదు.

తెలియనితనం మీద బతికే దొంగలు

చలాన్ ఎప్పుడు, ఎక్కడ కనిపిస్తుందో జనానికి తెలియకపోవడం సైబర్ దొంగలకు బాగా పనికొస్తోంది. "మీ వాహనంపై చలాన్ ఉంది, వివరాలకు ఈ ఫైల్ తెరవండి" అంటూ వాట్సాప్‌లో ఏపీకే ఫైల్ వస్తుంది. తెరిస్తే అది ఒక యాప్‌గా ఫోన్‌లో కూర్చుని బ్యాంకు ఓటీపీలు లాగేస్తుంది. తన బండి మీద ఏముందో ముందే తెలిసినవాడు ఆ మెసేజ్‌ను తుడిచేస్తాడు. తెలియనివాడు భయపడి తెరుస్తాడు. 135 రూపాయల భయం ఖాతాలో ఉన్నదంతా ఊడ్చేయగలదు.

పోలీసులు చలాన్‌ను ఏపీకే ఫైల్ రూపంలో పంపరు. అసలు ప్రభుత్వ వెబ్‌సైట్ చిరునామా చివర 'గవ్ డాట్ ఇన్' అని ఉంటుంది. మెసేజ్‌లో వచ్చిన లింకు నొక్కకుండా, చిరునామా మనమే టైప్ చేసి చూడటం క్షేమం. డబ్బు పోయిందని తెలిసిన వెంటనే 1930 నంబర్‌కు ఫోన్ చేయాలి.

ఇంట్లో చేసుకోవాల్సింది, ప్రభుత్వాన్ని అడగాల్సింది

ఇంటి అద్దె, కరెంటు బిల్లు, స్కూలు ఫీజు చూసుకునే రోజునే నెలకోసారి ఇంట్లోని బండ్లన్నిటి నంబర్లు కొట్టి చూడటం ఐదు నిమిషాల పని. ఆటో, డెలివరీ పనిలో ఉన్నవాళ్లు వారానికోసారి చూసుకోవాలి. రవాణా శాఖ రికార్డులో ఫోన్ నంబర్ పాతదైతే మార్పించుకోవాలి. కనిపించిన ప్రతి చలాన్ ఫోటో తెరిచి బండి మనదేనా, రంగు, మోడల్ సరిపోయాయా, ఆ సమయానికి బండి ఎక్కడుందో చూడాలి. తేడా ఉంటే కట్టేయకుండా, చలాన్ నంబర్‌తో, ఆర్‌సీ కాపీతో, బండి ఫోటోతో ట్రాఫిక్ పోలీసుల ఈ-చలాన్ విభాగానికి రాతపూర్వకంగా ఫిర్యాదు చేయాలి. ఆ ఫిర్యాదు నకలు దాచుకోవాలి. తప్పు మనదైతే కట్టేసి ఆ అలవాటు మానుకోవాలి.

ప్రభుత్వాన్ని అడగాల్సింది కూడా పెద్దగా ఏమీ కాదు. ప్రతి చలాన్ మీద మూడు తేదీలు ముద్రించాలి: తప్పు జరిగిన తేదీ, చలాన్ తయారైన తేదీ, మెసేజ్ పంపిన తేదీ. అభ్యంతరం చెప్పే గడువును మెసేజ్ అందిన రోజు నుంచి లెక్కించాలి. మొదటి చలాన్ సంగతి యజమానికి చేరకముందే అదే చోట, అదే తప్పుకు పడిన మిగతా చలాన్ల విషయంలో హెచ్చరికతో సరిపెట్టే ఆలోచన చేయాలి. ఫోటో నుంచి చలాన్ దాకా సగటున ఎన్ని రోజులు పడుతోందో కమిషనరేట్ వారీగా నెలనెలా వెల్లడించాలి. ఈ తేదీలన్నీ కంప్యూటర్‌లో ఎలాగూ నమోదవుతాయి. వాటిని జనానికి చూపించడానికి కొత్త చట్టం అవసరం లేదు, అదనపు ఖర్చూ పెద్దగా ఉండదు.

రోడ్డు మీద క్రమశిక్షణ లేకపోతే ముందు పోయేవి బైకు మీద, ఆటోలో, కాలినడకన వెళ్లే వాళ్ల ప్రాణాలే. అందుకే చలాన్ వద్దని ఎవరూ అనలేరు. వేసే చలాన్ వేళకు వేయాలని, వేసిన సంగతి వేళకు చెప్పాలని అడిగే హక్కు మాత్రం జరిమానా కట్టే ప్రతి ఒక్కరికీ ఉంది.